కట్టెబొమ్మకు బాయి నీళ్లు

"ఇంకో రెండు బొక్కెనలు పొయ్యిండ్రి పటేలా! లారీ వచ్చేదాక తడి ఆరొద్దు, ఎండితే పగులుతది," అన్నడు పట్నం నుంచి వచ్చిన తవ్వకాల ఆఫీసరు.

పటేలు తన బాయి నీళ్లు తానే చేది కట్టెబొమ్మకు తలస్నానం చేయిస్తుండు. మొన్న ఊబిల మన్ను తీస్తుంటే కూలి అహరోనుకు దొరికిన బొమ్మ అది. మూడువేల ఏండ్లదని తెలిసినకాన్నుంచి పటేలుకు దానిమీద ఎక్కడలేని ప్రేమ.

అహరోను పెండ్లాం బుచ్చవ్వ ఖాళీ కుండతోటి పొద్దుగాల నుంచి దూరంగ నిలబడ్డది. వాళ్లు ఏసును నమ్ముకున్నరు, నిజాం పోయి పదేండ్లయింది. ఆ బాయి తాడు మాత్రం అంటరాని వాడ చేతికి ఇంకా అందలే. ఎవరన్న దయతలిచి పోస్తేనే నీళ్లు.

"జర ఆగవే! మూడువేల ఏండ్ల మనిషికి దూపయితుంటే నీకేం తొందర?" అని పటేలు బొక్కెన మళ్ల బాయిలకు వదిలిండు.

ఆఫీసరు బొమ్మ మొహం చూసిండు, పక్కనున్న అహరోను మొహం చూసిండు.

"అరే, అదే ముక్కు, అదే దవడ! ఈ బొమ్మల మనిషి మీ తాతముత్తాతల్లో ఒకడై ఉంటాడయ్యా!"

అహరోను బాయి దిక్కు చూసి రెండు చేతులు జోడించిండు.

"మెల్లగ అనుండ్రి సారూ. పటేలు వింటే నీళ్లు బందు పెడ్తడు. మా తాత ఎండి పగిలిపోతడు."