లోపలి జేబు

సంచి మీద తడి చెయ్యి పడగానే సాయిశ్రీకి ఒళ్లు జలదరించింది.

గుప్పున ఫినాయిలు వాసన. దాని వెనక ఇంకేదో వాసన. అదేమిటో ఆలోచించడానికి కూడా ఆమెకు మనసొప్పలేదు.

నంద్యాలలో ఆడపిల్లల కాలేజీ అది. వరండాలో రెండు బల్లలు వేసి, చేనేత గుడ్డ హ్యాండ్‌బ్యాగులు వరసగా పేర్చుకొని కూర్చుంది సాయిశ్రీ. డిజైను తనది. కుట్టింది ఆళ్లగడ్డలో తన షెడ్డులో పనిచేసే ఎనిమిదిమంది ఆడవాళ్లు. వాళ్లలో పెద్దదైన రెబెకా పక్కనే నిలబడి ఉంది.

వెనక గోడకు బ్యానరు. ‘ఫెయిర్ ట్రేడ్ సంచులు. పనిచేసిన చేతికి న్యాయమైన కూలి, తగిన గౌరవం.’

పొద్దున్నుంచి ఆడపిల్లలు గుంపులుగా వస్తున్నారు. “అబ్బ, కుచ్చులు ఎంత బాగుండాయో!” అంటున్నారు. భుజానికి తగిలించుకొని సెల్ఫీలు దిగుతున్నారు. జిప్పు తీసి లోపల ఒకసారి చూస్తున్నారు. బల్ల మీద పెట్టేసి పోతున్నారు.

ఒక్కటంటే ఒక్కటి కదల్లేదు.

బెంగుళూరు దుకాణం వాళ్లు తెగేసి చెప్పారు, ఈ తడవ వయసు పిల్లలు మెచ్చే సంచి పంపకపోతే ఇక పంపనే వద్దని. అంటే ఆళ్లగడ్డలో ఎనిమిది మిషన్ల మీదా గుడ్డ కప్పేయడమే.

ఆ చిరాకులో ఉండగా వచ్చిందీ మనిషి. యాభై ఏళ్లుంటాయి. ఎగ్గట్టిన చీర, పిక్కల మీద మురుగునీళ్ల చారలు, చంకలో చీపురు. అడగనూ లేదు, చెప్పనూ లేదు. సంచి తీసుకొని, కోడి పొట్ట శుభ్రం చేసినట్టు లోపలిదంతా బయటికి తిప్పింది.

“ఏయ్, పెట్టు ఆడ!”

“ఇంత సొగసుగా కుట్టినారు, ఇంకో జేబు ల్యాకపాయనే పాపా.”

“సెల్లుకుంది, అద్దానికుంది, లిప్‌స్టిక్కుకుంది. ఇంకేం కావాల నీకు?”

“నాకేంటికి పాపా, ముసిల్దాన్ని! ఈ పిల్లోల్లకు.” ఆమె గొంతు తగ్గించింది. “నెలసరైన పిల్ల, వాడిన గుడ్డ యాడ పెట్టుకుంటాది? ఈడ బాత్‌రూముల్లో చెత్తడబ్బాలు పెట్టలా. కొత్త పిల్లోల్లు తెలీక దొడ్డి గుంతలోనే పడేస్తారు. నీళ్లు నిలబడతాయి. నేనే చెయ్యి పెట్టి తీస్తాండా.”

సాయిశ్రీ కుర్చీ వెనక్కి జరుపుకుంది.

“ఆ చేత్తోనా నా సంచి పట్టుకునింది?”

“సబ్బుతో కడుక్కున్న్యా పాపా. రెండు మాట్లు కడుక్కున్న్యా.”

“ఛీ! పోతావా లేదా?”

రెబెకా నసిగింది. “మేడమ్, ఆమె చెప్పేది కూడా...”

“నువ్వూరుకో రెబెకక్కా. నలుగురిలో మాట్లాడే మాటలేనా అవి?”

కేకలు విని శుభ్రం పనివాళ్ల సూపర్‌వైజరు మహానందయ్య పరిగెత్తుకొచ్చాడు.

“ఈమెను ఇంకోసారి నా కంటికి కనపడనియ్యాకండి సార్” అంది సాయిశ్రీ.

“రేపట్నుంచి కనపడదులే మేడమ్. మీరు కూర్చోండి.”

ఆమె తన చేతిలోని సంచిని మళ్లీ సరిగ్గా తిప్పి, కుచ్చులు సవరించి, తీసినచోటే పెట్టి వెళ్లిపోయింది.

సాయిశ్రీ ఆ సంచిని చచ్చిన ఎలుకను ఎత్తినట్టు రెండు వేళ్లతో ఎత్తి ప్లాస్టిక్ కవర్లోకి జారవిడిచింది. చేతులకు మూడుసార్లు శానిటైజరు పూసుకుంది. సాయంత్రం ఆళ్లగడ్డ బస్సులో కూడా వేళ్లు వాసన చూసుకుంటూనే ఉంది.

మరుసటి రోజు పిల్లలు పలచబడ్డారు. వచ్చిన నలుగురూ నవ్వలేదు. జిప్పు తీయడం, చూడటం, పెట్టేయడం.

మధ్యాహ్నానికి సాయిశ్రీకి ఓపిక చచ్చింది. దొర్నిపాడు నుంచి రోజూ బస్సులో వచ్చి చదువుకునే అనిత అనే పిల్లను ఆపింది.

“నిజం చెప్పు. ఏం బాగలేదు దీంట్లో?”

“అంతా బాగుంది మేడమ్.”

“మరెందుకు తీసుకోరు?”

అనిత అటూ ఇటూ చూసి, తన బ్యాగులోంచి అరచేతంత నల్లటి తిత్తి ఒకటి తీసింది.

“నెలనెలా ఇది ల్యాకుంటే మేము కాలేజీకి రాలేం. మీ సంచిలో దీనికి చోటేదీ? టిఫిను పక్కన పెట్టుకోవాల్నా? అసహ్యం కదా మేడమ్.”

సాయిశ్రీ దాన్ని చేతిలోకి తీసుకుంది. పాత గొడుగు గుడ్డ. లోపల రబ్బరు పొర. మూతికి రెండు మడతలు, ఒక గుండీ. కుట్టు మీద కుట్టు. చుక్క బయటికి రాదు, వాసన బయటికి పోదు. బస్సులో నిలబడి కూడా ఒంటిచేత్తో తీయొచ్చు, మూయొచ్చు.

మూడేళ్లు డిజైను చదివిన తనకు తట్టలేదు ఈ పని.

మిగతా పిల్లలూ బ్యాగులు తెరిచారు. అందరివీ అవే నల్ల తిత్తులు.

“ఇదే మేడమ్!” అంది రెబెకా. “ఈ జేబు పెట్టినామంటే మన మిషన్లు ఆగవు.”

“ఏ కంపెనీది ఇది?”

“కంపెనీ ఏంది మేడమ్!” అంది అనిత. “ కాలేజీలో చేరిన ప్రతి పిల్లకూ ఒకామె ఊరికే కుట్టి ఇస్తాది.”

సాయిశ్రీ లేచి నిలబడింది.

“ఆమెను పిలవండి. ఆమె పేరు పెట్టే అమ్ముదాం. ఆళ్లగడ్డలో నా కుర్చీ పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టుకుంటా.”

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“ఏం, ఊళ్లో లేదా?”

“పొద్దున్నే తానుండే గది ఖాళీ చేసి పోయింది. యాడికో ఎవరికీ చెప్పలా. మేమూ వెతుకుతాండాం” అంది అనిత.

“ఎవరామె? పేరన్నా చెప్పు.”

అనిత తన తిత్తి తాను తీసుకొని బ్యాగులో పెట్టుకుంది.

“బాత్‌రూములు కడిగే కృపావతక్క మేడమ్, నిన్న మీరు కనపడనియ్యాకండి అంటే పనిలోంచి తీసేసినారే, ఆమె.”