కొమ్ము మీది నంబరు

"ఇంకో ఎద్దేదయ్యా?" జోగులమ్మ కేకేసింది.

పెళ్లాం కేకకు దశరథం వెనక్కి తిరిగి చూసి గతుక్కుమన్నాడు. బండికి కట్టి తెచ్చిన జతలో ఒక్కటే గుంజ దగ్గర ఉంది. రెండోది తాడు తెంపుకుని పోయింది. పెబ్బేరు సంత విడిపోతోంది, ఏ మంద ఎటు పోతోందో దుమ్ములో తెలియడం లేదు. మొన్ననే మంచి వాన పడింది. తెల్లారితే విత్తనం వేయాలి. ఒంటెద్దుతో గొర్రు నడుస్తుందా?

"మన ఎద్దు కొమ్ముకు నీ ఫోన్ నంబరు రాసినవా?"

దశరథం తెగిన తాడును చేతిలోకి తీసుకున్నాడు. "లే. మనకు మనమే గంటలమ్ముకుంటమా?"

"ఊరోళ్ల ఎడ్లన్నిటికి రాస్తివి, ఇంట్ల ఎద్దును ఇడిస్తివి. దీపం కింద చీకటంటే గిదే!"

సంతలో గంటలు, పగ్గాలు అమ్మే కొట్టు అతనిది. ఎద్దును కొన్నవాళ్లు అక్కడే కొమ్ములకు రంగు వేయించుకుని తోలుకుపోతారు. సెల్‌ఫోన్ కొన్నప్పటి నుంచి రంగు మీద తన నంబరు కూడా రాస్తున్నాడు. "గోడ మీద రాస్తే గోడ ఆన్నే ఉంటది. ఎద్దయితే ఊరూరు తిరుగుతది" అంటే అందరూ నవ్వారు. కానీ ఎన్నడూ చూడని ఊళ్ల నుంచి గంటలు కావాలని ఫోన్లు వచ్చాయి. మోగినప్పుడల్లా అతనికి ఒళ్లు పులకరించేది. నోరు లేని జీవాలు తన కొట్టును మోసుకుని ఊళ్లు తిరగడమేమిటి!

పొద్దు గూకేదాకా వెతికారు. ఎద్దు జాడ లేదు. జోగులమ్మ బండి చక్రానికి ఆనుకుని ఏడుస్తోంది. అప్పుడు ఫోన్ మోగింది.

"దశరథం భాయ్! నేను గోపాల్‌పేట ఖాజా మియాను. వనపర్తిల రూపాయి ఫోన్ కాడ ఉన్న."

"గంటలు గావాల్నా భాయ్? నేను జర పరేషాన్‌ల ఉన్న, రేపు చెయ్యి."

"గంటలొద్దు. సంత నుంచి ఎడ్లను తోలుకొస్తుంటే ఇంకోటి మందల కల్సింది. తెల్లది, ఎడమ చెవి చీలి ఉంది."

దశరథం దిగ్గున లేచాడు.

"నాదే భాయ్, నాదే! సల్లగుండు! అయినా దాని కొమ్ము మీద నంబరు లేదు గద? నాకే ఫోన్ చెయ్యాల్నని నీకెట్ల తెల్సింది?"

ఖాజా మియా పకపకా నవ్వాడు.

"నంబరు మా ఎద్దు కొమ్ము మీద చూసిన. మందల ఏ కొమ్ము చూసినా నీ నంబరే ఉందాయె. పెబ్బేరు సంతల నంబరు లేని ఎద్దు, నీది గాక ఇంకెవరిది భాయ్?"