చెట్టెక్కకూడని గుండె

మాణిక్యాలరావు ఈసీజీ కాగితాన్ని తల్లి ముందు పెట్టి గోడకు చేరగిలబడ్డాడు.

"ఏవన్నారురా?" అంది జయమ్మ.

"గీత ఒకచోట సాగిందంటమ్మా. పైకి మనిషి గుండ్రాయిలా ఉన్నా, గుండె ఉన్నట్టుండి గతి తప్పొచ్చంట. ఇంక చెట్టెక్కకూడదంట. కాకినాడలో ఛాతీకి మిషనేదో పెట్టించాలంట."

జయమ్మ లబోదిబోమంది. కాసేపటికి తేరుకుని, "మరి చిన్నోడిది?" అనడిగింది.

"ఆడికేం? శుభ్రంగా ఉంది."

మామిడికుదురులో పెట్టిన వైద్య శిబిరానికి అన్నదమ్ములిద్దరూ వెళ్లారు. మర్నాడు కాగితాలు తేవడానికి మాత్రం మాణిక్యాలరావే వెళ్లాడు. పదో తరగతి గడప తొక్కిన ఘనుడు ఆ ఇంట్లో అతనొక్కడే మరి.

ఇద్దరిదీ కొబ్బరి దింపు పనే. రోజుకు చెరో నలభై చెట్లు. పోయిన వేసవిలో పక్కింటి ముత్యాలు చెట్టు మీంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాడు. అప్పట్నుంచి చెట్టు మొదట్లో నిలబడితే చాలు, మాణిక్యాలరావుకి కాళ్లు వణికేవి. మగాడై పుట్టి ఆ మాట ఎవరితో అంటాడు? ఇప్పుడా బాధ తప్పింది.

తమ్ముడు మణికంఠ అన్న చేతిలో కత్తి లాక్కున్నాడు.

"నీ చెట్లు కూడా నేనే ఎక్కుతానన్నయ్యా. నువ్వు నీడన కూర్చో, చాలు."

ఆ రోజు నుంచి పెద్దవాడి వైభోగమే వైభోగం. గుడ్డు అతనికే, గడ్డపెరుగు అతనికే. నీళ్ల బిందె ముట్టుకుంటే తల్లి కసిరేది. మణికంఠ ఎనభై చెట్లు ఎక్కి దిగి, ఇంటికి రాగానే అన్న ఛాతీ మీద చెయ్యి వేసి చూసేవాడు. పిచ్చి ప్రేమ!

"సోమవారం కాకినాడ వెళ్దాం. కారు మాట్లాడేను."

"దింపులయ్యాక చూద్దాంలేరా. గతి తప్పొచ్చన్నారు గానీ, తప్పుతుందన్లేదు కదా!"

ఆ మాట మాణిక్యాలరావు రోజుకు పదిసార్లు తనలో తనే అనుకునేవాడు.

గురువారం చెట్టు దిగిన మణికంఠ ఉన్నచోటే కూలబడ్డాడు.

"కళ్లు బైర్లు కమ్మేయన్నయ్యా."

మాణిక్యాలరావు అతని ముఖంలోకి చూడలేదు. "ఎండరా. మజ్జిగ తాగు" అన్నాడు. మిగిలినవి నేనెక్కుతాలే అన్న మాట నోటిదాకా వచ్చింది. తలెత్తి చెట్టు చూశాడు. మాట మింగేశాడు.

శనివారం మధ్యాహ్నం మణికంఠ చెట్టు మీంచి పడిపోయాడు. పడేముందు అరవనైనా లేదు. ఆటోలో రాజోలు ఆసుపత్రికి చేర్చేసరికే ప్రాణం పోయింది.

"గుండె జబ్బు మా పెద్దోడికండీ! ఈడు ఉక్కులాంటోడండీ!" అంటూ జయమ్మ డాక్టరమ్మ కాళ్ల మీద పడింది.

శిబిరంలో ఇద్దర్నీ చూసిన డాక్టరే ఆవిడ. గుడ్డ తొలగించి మణికంఠ ముఖం చూసింది. మూలన నిలబడ్డ మాణిక్యాలరావు వైపు తిరిగింది.

"ఈ అబ్బాయిని ఇంక చెట్టెక్కనివ్వొద్దని ఆ రోజు మీకే కదండీ చెప్పాను?"