గొడుగు మీద బాతు

అక్షరాలు పెద్దతనంలో నేర్చుకున్నాను. కూడబలుక్కుని రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి, ఆలస్యానికి విసుక్కోకండి.

"మన గొడుగుల మీద ఈ బాతు గుర్తు తీసేద్దామమ్మా, పాతబడిపోయింది," అంది మా అమ్మాయి, కొట్లో బల్ల తుడుస్తూ.

"అది బాతు కాదే, నేను! పెళ్లయిన కొత్తలో మీ నాన్న నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని గీశాడు."

కొత్త గుర్తు కోసం అమ్మాయి పిలిపించిన బొమ్మలు గీసే ఆయన నన్నూ గొడుగునీ మార్చి మార్చి చూశాడు. "ముక్కు సరిచేస్తే చాలండీ," అంటూ కంప్యూటర్లో ముక్కు తగ్గించి, మెడ కుదించాడు. చక్కని పిల్ల తయారైంది.

ఆ ముక్కు కోసం మా ఆయన్ని బతికున్నన్నాళ్లూ సాధించాను. ఇప్పుడీ కొత్త బొమ్మ చూస్తే, మా ఆయన ఎదురుగా ఎవరో పరాయిది కూర్చున్నట్టు ఒళ్లు మండిపోయింది.

గొడుగు కొనడానికొచ్చిన పెద్దాయన కంప్యూటర్లోకి తొంగి చూశాడు. "ఈ అందగత్తెని నమ్ముకుంటే తడిసిపోతాం. నాకు బాతుదే ఇవ్వమ్మా."

మా అమ్మాయి నా ముక్కు వంక చాలాసేపు చూసింది.

"ముక్కు ముట్టుకోకండి," అంది బొమ్మలాయనతో. "అమ్మని అలాగే ఉంచండి."

ఇట్లు,
బాతు,
వయసు డెబ్బై మూడు,
ప్రస్తుతం కొట్టు మీది గదిలో, అమ్మాయి దగ్గరే.