ముప్ఫై ఫిడేళ్ళ వాద్యబృందం

పసి హృదయాల్లో సింఫనీ నాటాలని స్కూలు కరస్పాండెంటు జీవన్ కుమార్ గారు కంకణం కట్టుకున్నారు. అందుకే వారి తెనాలి, బాపట్ల, రేపల్లె బ్రాంచీల నుంచి ముప్ఫై మంది పిల్లలు వార్షికోత్సవ వేదిక మీద ఫిడేళ్ళు వాయిస్తున్నారు. తల్లిదండ్రులు సెల్‌ఫోన్లు పైకెత్తి మరీ పులకిస్తున్నారు.

కరెంటు పోయింది. సంగీతమూ పోయింది.

పిల్లల చేతుల్లో కమానులు మాత్రం చప్పుడు లేకుండా ఊగుతూనే ఉన్నాయి. ఆ నిశ్శబ్దంలో వెనక వరసలోంచి ఒకే ఒక్క ఫిడేలు సన్నగా, కాస్త వణుకుతూ వినిపించింది.

కరస్పాండెంటు గారు అటు పరుగెత్తారు. "ఏంటే ఇది? మోగకుండా నీ కమానుకి సబ్బు రాయలేదా?"

"రాశారండి," అంది ఏడో క్లాసు హెప్సిబా. "కడిగేసి, మోగేలా గుగ్గిలం రాసుకున్నానండి. నాకు నిజంగానే వచ్చండి సార్. మా చర్చిలో వాయిస్తాను."

"వచ్చినవాళ్ళు ఎవరిక్కావాలి? మిగతావాళ్ళు బుద్ధిగా ఊపట్లా? దిగు కిందికి."

ఆమె దిగింది. జనరేటరు అందుకుంది, దానితోపాటు స్పీకర్లకి పెట్టిన పెన్‌డ్రైవూ అందుకుంది.

"మధ్యలో కలిగిన అంతరాయానికి చింతిస్తున్నామండి," అని ఆయన మైకులో వినయంగా తలవంచారు.

వేదిక మీద ఇరవై తొమ్మిదే ఉన్నా, ముప్ఫై ఫిడేళ్ళూ మళ్ళీ ఘనంగా మోగాయి.