ఊరూ పేరూ లేని గులాబి

“ఈ చెట్టు మీకు యాడిది అత్తా?”

ఏంజెలిన్ మామూలుగానే అడిగింది. లిదియమ్మ చేతిలోని చెంబులో నీళ్ళు మాత్రం ఒలికిపోయాయి.

“పూలు కావాలంటే కోసుకో తల్లీ. చెట్టు సంగతి నీకెందుకు?”

“దీని పేరు కనుక్కుందామని. ఆత్మకూరులో నర్సరీ వాళ్ళకు చూపించినాను, మా కాలేజీలో చూపించినాను. ఎవరికీ తెలీలా. బెంగుళూరులో గులాబీలు పెంచే సంఘానికి ఉత్తరం రాస్తే ఈ ఫారం పంపించినారు. రెక్కలెన్ని, ముళ్ళెట్లుండాయి, మొక్క యాడ నుంచి వచ్చినాది, అన్నీ రాయాల.”

ఏంజెలిన్ ఆ ఊరి, ఉదయగిరి పిల్లే; లిదియమ్మను వరసకు అత్తా అంటుంది. ఆత్మకూరు జూనియర్ కాలేజీలో బాటనీ చెబుతోంది. మూడేళ్ళ కిందట పెళ్ళినాడు ఆమె పట్టుకున్న గుత్తి ఈ చెట్టు పూలతో కట్టిందే. ఆమె ఒక్కతే ఏముంది, పదేళ్ళుగా ఊరి చర్చి గుడిలో పెళ్ళయిన ప్రతి పిల్లా లిదియమ్మ కట్టిచ్చిన గుత్తి పట్టుకునే నడిచింది. ఉల్లిపొర రంగు పువ్వు, మొగ్గ కింద ఎర్రటి నూగు, నలిపితే నిమ్మతొక్క వాసన. ఊళ్ళో ఇంకెవరింట్లోనూ లేదు.

ఉండదని లిదియమ్మకు తెలుసు. 1985 ఈస్టరు తెల్లవారుజామున సమాధుల దొడ్డిలో ఆరాధన జరుగుతుంటే, అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉండగా, ఆమె ఒక్కతే కళ్ళు తెరిచి, మిషనాసుపత్రి దొరసాని సమాధి దగ్గరున్న గులాబి కొమ్మ విరిచి కొంగులో దాచుకుంది. సమాధుల దొడ్డి నుంచి వస్తే కాళ్ళు కడుక్కోనిదే గడప తొక్కని ఊరది. అక్కడి కొమ్మను ఇంట్లో నాటిందే కాక, ఆ పూలు పెళ్ళికూతుళ్ళ చేతుల్లో పెట్టిందని తెలిస్తే ఊరుకుంటారా? ఈ పూలగుత్తే పట్టుకుని వచ్చిన కోడలికి రెండు కాన్పులు దక్కని ఓబులమ్మ, ఎవరి పాపం తగిలిందా అని ఇప్పటికే ఇల్లిల్లూ తిరిగి ఆరా తీస్తోంది. సంగతి బయటపడితే ఊళ్ళో కష్టాలన్నీ లిదియమ్మ గుమ్మం ముందుకే వస్తాయి. అసలు ఆ రెండో కాన్పు సంగతి విన్నప్పటి నుంచి లిదియమ్మకే లోపల భయం పట్టుకుంది.

“గుర్తులేదమ్మా. ఎప్పటిదో” అంది.

“అయితే దొరసాని సమాధి కాడికి పోయొద్దాం రాండి. ఆడొక గులాబి చెట్టుండాదని మా నాయన చెప్పినాడు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తేలిపోతాది.”

లిదియమ్మ మోకాళ్ళ నొప్పులంది, ఎండంది, పొయ్యి మీద పప్పుందంది. ఏంజెలిన్ పప్పు దించి, గొడుగు విప్పి, ఒక కొమ్మ కోసుకుని ఆమెను చెయ్యి పట్టుకుని నడిపించింది. దారి పొడుగునా లిదియమ్మ ప్రార్థన చేస్తూనే ఉంది. ఆ చెట్టు ఎండిపోయి ఉండాలని దేవుణ్ణి అడగడం పాపమేమో అనుకుంది. అయినా అడిగింది.

చెట్టు ఎండలేదు. నడుమెత్తున పచ్చగా ఉంది, నాలుగు పూలు కూడా పూసింది. అప్పట్లో మనిషెత్తు ఉండేది. మేకలు మేసి ఉంటాయిలే అనుకుంది లిదియమ్మ.

కాపలా ముసలాయన వెంగయ్య వేపచెట్టు కింద నుంచి లేచి వచ్చాడు.

“ఏందమ్మా ఆ కాయితాలు? గుడి కమిటీ వాళ్ళు పంపినారా?”

ఏంజెలిన్ జవాబు చెప్పే ధ్యాసలో లేదు. తెచ్చిన కొమ్మను చెట్టు పక్కన పెట్టింది. భూతద్దంతో ముళ్ళు చూసింది, రెక్కలు ఊడదీసి లెక్కపెట్టింది, మొగ్గలు నలిపి వాసన చూసింది.

“ఇవి ఉత్త ఒకే తీరు చెట్లు మాత్రమే కాదత్తా. రెండూ ఒకటే చెట్టు. ఎవరో దీని కొమ్మ ఆడనో, దాని కొమ్మ ఈడనో నాటినారు.” ఆమె తలెత్తింది. “ఎవరయ్యుంటారు?”

లిదియమ్మకు ఓబులమ్మ నడివీధిలో నిలబడి దుమ్మెత్తి పోస్తున్నట్టే కనిపించింది. ఇక దాచి లాభం లేదు.

“తల్లీ, ఆ తప్పు...”

“నాదేనమ్మా” అన్నాడు వెంగయ్య.

భుజం మీది తువ్వాలు తీసి చేతుల్లో పట్టుకున్నాడు. “దొరసాని చెట్టు నాలుగేండ్ల కిందట కరువులో ఎండిపోయినాది. అప్పుడే ఆమె మనవరాలు వాళ్ళ దేశం నుంచి సమాధి చూసేదానికి వస్తాదని జాబొచ్చినాది. చెట్టేదిరా అంటే నేనేం చెప్పాల? పని పోతాదని భయపడి, ఆదివారం అందురూ గుళ్ళో ఉండంగా లిదియమ్మ ఇంటి గోడ దూకి కొమ్మ ఇరుసుకొచ్చి నాటినాను. అప్పట్నుంచి ఈమె ఎదురుపడితే నాకు వణుకే.”

లిదియమ్మకు గుండెల మీద నుంచి బండ దించినట్టయింది. దించీ దించగానే నోరు లేచింది.

“అడిగితే ఇయ్యనా వెంగయ్యా? దేవుని బిడ్డవయ్యుండి దొంగతనం చేస్తావా?”

వెంగయ్య తల దించుకున్నాడు. ఏంజెలిన్ మాత్రం ఫారం మోకాలి మీద పరుచుకుని పెన్ను తీసింది.

“అయితే తల్లిచెట్టు మీ ఇంట్లోదే అత్తా. ఇప్పుడన్నా గుర్తు తెచ్చుకోండి, మీకెవరిచ్చినారు?”

“మా అవ్వ ఇచ్చినాది తల్లీ” అంది లిదియమ్మ, అంత హాయిగా మాట్లాడి ఎన్నేళ్ళయిందో. “కలువాయిలో మా పుట్టింటి పెరట్లో ఉండాది ఈ చెట్టు. గోడెత్తు. ఇప్పటికీ గంపలు గంపలు పూస్తాది.”

ఏంజెలిన్ పెన్ను మూసి, ఫారం మడిచి సంచిలో పెట్టుకుని లేచింది.

“ఆత్మకూరులో దిగితే రెండింటికి కలువాయి బస్సుండాది. రాండి అత్తా, చూసొద్దాం.”