కుదుపు లేని బండి

పాత ఓమ్ని వ్యాన్ కింద దూరి బలరాం వెల్డింగ్ పెడుతున్నాడు. ఆ మెరుపులు కిటికీలోంచి వచ్చి ఇంటి గోడ మీద ఆడుతున్నాయి. మంచంలో వెల్లకిలా పడుకుని ఉదయశ్రీ వాటినే చూస్తోంది. లేచి మొగుడి పని చూసే యోగం ఆమెకు లేదు.

పోయిన మిరపకోతలప్పుడు కూలీల ఆటో బోల్తా పడింది. అందరూ దుమ్ము దులుపుకుని లేచారు. ఉదయశ్రీ లేవలేదు. కాళ్లు అప్పుడే చచ్చుబడిపోయాయి. నడుములో నొప్పి మాత్రం మిగిలింది. ఎవరి కాలైనా మంచానికి తగిలితే చాలు, వీధి వీధంతా ఉలిక్కిపడేలా అరుస్తుంది. ఆ అరుపులకు బలరాం కంటి నిండా నిద్రపోయి ఎన్నాళ్లయిందో.

పినపాక నుంచి భద్రాచలం దవాఖానాకు తీసుకెళ్లినప్పుడు గుంత గుంతకూ అరిచి, చేరేసరికి గొంతు పోయింది. ఖమ్మం తీసుకెళ్లమన్నారు డాక్టర్లు. ఆపరేషన్ చేస్తే కనీసం కూర్చోగలదేమో అన్నారు.

"నన్ను ఇంట్లనే సావనియ్యి. మల్ల ఆ రోడ్డెక్కియ్యకు" అని బలరాం చెయ్యి పట్టుకుని ఏడ్చింది ఉదయశ్రీ.

ఇంటి ముందే అతని మెకానిక్ షెడ్డు. కొన్నాళ్లకు, మూలన పడి ఉన్న ఓమ్నిని బయటికి తోశాడు.

"దీని కింద ఇనుప పట్టీల కమాన్ కట్టలు పీకేస్తున్న" అన్నాడు కిటికీ దగ్గరికొచ్చి. "అవి ఉన్నంత కాలం ఇది ఎడ్లబండే. షాక్ అబ్జార్బర్ మీదనే స్ప్రింగు తొడిగి బిగిస్త. కాయిలోవర్ అంటరు. ఈ పాత బండికి ఎక్కడ దొరుకుతది? నేనే చేస్త."

సామాను కోసం ఊరూరూ తిరిగింది వీరబాబు. ఉదయశ్రీ తోడబుట్టిన తమ్ముడు. సారపాక మిల్లులో కాంట్రాక్టు కూలీ. డ్యూటీ దిగితే నేరుగా అక్క ఇంటికే వచ్చేవాడు. పాత ఇనుప సామాన్ల కొట్లలో గాలించి స్ప్రింగులు తెచ్చాడు. స్ప్రింగు ఎత్తు సరిచేసుకోడానికి గొట్టాలకు లేత్ మీద మరలు కోయించుకొచ్చాడు. కమాన్ కట్టలు పోతే వెనక ఇరుసును పట్టి ఉంచేది ఉండదు కదా. దానికి బలరాం కొత్తగా రాడ్లు వెల్డింగ్ చేశాడు.

బండి తయారయ్యాక బామ్మర్దిని వెనక పరుపు మీద పడుకోబెట్టి అడవి వైపు మట్టిరోడ్డు మీద తిప్పాడు.

"అమ్మో బావా! నా పక్కటెముకలన్నీ వదులైనయ్" అంటూ దిగాడు వీరబాబు.

స్ప్రింగులు మార్చారు. ఈసారి మరీ మెత్తనైపోయి, గుంతలో పడితే బండి పొట్ట నేలకు కొట్టుకుంది. బలరాం విసుక్కోలేదు. విప్పాడు. మళ్లీ కట్టాడు. అన్నం కూడా బండి పక్కనే తినేవాడు.

చివరికి ఒకరోజు ఎంతకీ వీరబాబు బండి దిగలేదు. బలరాం వెనక తలుపెత్తి చూస్తే గురక పెడుతున్నాడు.

"నిజంగనే నిద్రపట్టింది బావా. నువ్వు లేపేదాంక తెల్వలే!"

ఉదయశ్రీ మంచాన పడ్డాక మొదటిసారి బలరాం నవ్వడం ఆమెకు వినిపించింది.

"నీ అసొంటి అదృష్టం ఎవలకున్నది బిడ్డా" అంది మజ్జిగ ఇవ్వడానికొచ్చిన పక్కింటి ఎర్రమ్మ. "మా ముసలోడైతే నాకోసం గడప దిగడు."

ఉదయశ్రీ సిగ్గుపడింది. "ఖమ్మం పోత అవ్వా" అంది.

బయల్దేరే పొద్దున బలరాం ఆమెకు తల దువ్వి, నిద్రమాత్ర నోట్లో వేసి నీళ్లు తాగించాడు. ఆమె మాత్రను నాలుక కింద దాచి, అతను అటు తిరగ్గానే కొంగులోకి ఉమ్మేసింది. ఇన్నాళ్లకు ఆకాశం చూడబోతోంది. నిద్రపోతే ఎలా?

బావా బామ్మర్దులు ఆమెను పరుపుతో సహా బండిలోకి చేర్చి ముందు సీట్లలో కూర్చున్నారు. బండి కదిలింది. పళ్లు బిగబట్టి మొదటి గుంత కోసం ఎదురుచూసింది. గుంత వచ్చింది. ఎవరో రెండు చేతులతో ఎత్తి దించినట్టు ఊగింది, అంతే. నొప్పి లేదు. ఇంకో గుంత. అదీ అంతే. కిటికీలో చెట్ల కొమ్మలు వెనక్కి పోతున్నాయి. ఆమె కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి జారాయి.

"నిద్రపోయిందా?" ముందు సీట్లోంచి బలరాం గొంతు.

గబుక్కున కళ్లు మూసుకుంది. నిద్రపోయిందనుకుంటే ఎంత సంతోషిస్తాడో! ఖమ్మంలో దించాక కళ్లు తెరిచి, "అప్పుడే వచ్చినమా?" అని అడగాలి. అప్పుడు అతని మొహం చూడాలి.

"అవ్, పోయింది" అన్నాడు వీరబాబు వెనక్కి తిరిగి చూసి.

చాలాసేపటికి బండి ఆగింది. వెనక తలుపు లేచింది. ఇద్దరూ చెరోవైపు పరుపు పట్టుకుని ఒక్క కుదుపు లేకుండా దించారు. వీపు కింద ఎండుటాకులు చిటపటలాడాయి. ఎక్కడో పిట్ట కూసింది. దవాఖానా వాసన లేదు. మనుషుల సందడి లేదు. చెట్టు నీడన కాసేపు ఆగినట్టున్నారు, పాపం, పొద్దున ఏమీ తినలేదు కదా అనుకుంది. బలరాం వంగి దుప్పటి గుండెల దాకా కప్పాడు. నుదుటి మీది వెంట్రుకలు పక్కకు తోశాడు. కళ్లు తెరిచి ఆ చెయ్యి పట్టుకుందామనుకుని, ఆగింది.

అడుగుల చప్పుడు బండి వైపు వెళ్లింది.

"బావా, అక్క లేచిందా?" వీరబాబు గుసగుసగా అడిగాడు.

"లేవలేదు, జల్దీ ఎక్కు" అన్నాడు బలరాం తలుపు మెల్లగా మూస్తూ, "నడి అడవిల ఇడిసిపెట్టేదాంక లేవొద్దనే గదరా, గిన్నాళ్లు గా స్ప్రింగులతోని తండ్లాడింది."